పాత మేజోడులో బార్లీ గడ్డి

యార్క్‌షైర్‌లో, ఆట్లీ ఊళ్లో
మా ఇంటి వెనక
పాత స్నానపు తొట్టి ఒకటి భూమిలో పూడ్చి
దాన్నే చెరువనేవాళ్లం
హెస్టరూ, నేనూ.
ఇప్పుడు నేనొక్కణ్ణే అంటున్నాను.

ఏప్రిల్ ఎండ రెండు రోజులు కాసిందో లేదో
నీళ్లు పచ్చబడ్డాయి.
మామూలు పచ్చ కాదు,
చెయ్యి ముంచితే మణికట్టు దాకా మాయమయ్యే పచ్చ.

దుకాణానికి వెళ్లి నీలం సీసా తెచ్చాను.
ఒక్క మూత చాలు, మూడు రోజుల్లో అద్దం,
అంటోంది దాని మీది చీటీ.
మూత తిప్పుతుంటే గోడవతల నుంచి
ఎనిడ్ థాక్రే గొంతు:
"లోపల ఎవరున్నారో కనుక్కున్నావా?"

ఎనభై రెండేళ్ల మనిషి.
ఆవిడ దగ్గర జాలి తక్కువ, గడ్డి ఎక్కువ.
సంచెడు బార్లీ గడ్డి గోడ మీంచి దొర్లించి
"మేజోడులో కూరు, రాయి కట్టు, వదిలెయ్" అంది.
ఎంతసేపన్నాను.
"సేపు కాదు నార్మన్, వారాలు."

మేజోళ్లంటే
హెస్టర్ ఖాళీ చెయ్యని సొరుగులోవే.
లీడ్స్‌లో కొత్త కాపురానికి
అవి అక్కర్లేకపోయాయి.
లేత గోధుమరంగు, ఒకదానికి మోకాలి దగ్గర పోగు జారింది.
గడ్డి కూరుతూ ఉంటే
మడమ వచ్చింది, పిక్క వచ్చింది.
చూపు పక్కకు తిప్పుకుని ముడి వేశాను.

తీగల నాచుకి వేరే వైద్యం:
వెదురు కర్ర ముంచి మెల్లగా తిప్పితే
పీచుమిఠాయిలా చుట్టుకొచ్చేస్తుంది.
తెచ్చి పారెయ్యకూడదట,
ఒక రాత్రి గట్టు మీదే ఉంచాలట,
ఇల్లు గుర్తున్నవాళ్లు దిగి వెళ్లిపోతారట.

టార్చి పట్టుకుని చలిలో కూర్చున్నాను.
ముందు ఒక నత్త, తడిగీత గీసుకుంటూ.
తర్వాత అగ్గిపుల్లంత బల్లిలాంటిది,
నీళ్లంచున ఆగి, ఏదో మరిచిపోయినట్టు
వెనక్కి చూసి, జారుకుంది.
పేర్లు తెలియని చిన్నవాళ్లు మరో తొమ్మిదిమంది.
లెక్కపెట్టాను.
ఒక్క మూతకి
ఇంతమంది.

కుళాయి నీళ్లు పొయ్యకు, అది పాచికి పెళ్లి భోజనం,
పీపాలో వాన నీళ్లే పొయ్యి, అంది ఎనిడ్.
చేపలు వద్దు, తోకకప్పల్ని మింగేస్తాయి.
కలువ ఆకు సగం నీటికి నీడ పట్టనీ,
సగం చాలు.

నాలుగు వారాలు. అదే పచ్చ.
గోడ దగ్గరకెళ్లి అరిచాను.
ఆవిడ టీ తాగింది.
ఐదో వారం అరవలేదు,
చూడ్డమూ మానేశాను.

జూన్‌లో ఒక పొద్దున
బూట్ల లేసు కట్టుకోవడానికి వంగితే
చెరువుకి అడుగు కనిపించింది.

నల్లబడ్డ మేజోడు, దాని రాయి,
పక్కన తొట్టి బిరడా, తుప్పు పట్టిన గొలుసు.
పూడ్చిన రోజు, నీళ్లు కారిపోతాయేమోనని
హెస్టర్ వట్టికాలితో నొక్కిన బిరడా.
ఇంకా బిగువుగానే ఉంది.
దాని మీద ఒక నత్త
ఎక్కడికీ వెళ్లే పని లేనట్టు.

నీలం సీసా షెడ్డులోనే ఉంది.
దుకాణంవాడు వెనక్కి తీసుకోడట.