గోటితో పోయేది

జూన్ రెండో వారం. హిరోసాకి వాలుతోటల్లో
ఆపిల్ పిందెలు తుంచే రోజులు.
"ఇలాంటప్పుడా పిలవడం" అని ససమోరి తెత్సుజి
నా మీద విసుక్కున్నాడు, నేనే పిలిచినట్టు.
రెండు లీటర్ల మందునీళ్ళు ముందు పెట్టుకుని
"నిమ్మకాయ రుచన్నారే. ఏ ఊరి నిమ్మకాయ ఇది?"

వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి నడిపించాను.
గోడ మీద ఐదు రంగుల పటం ఉంటుంది:
మట్టి, తుప్పు, చిక్కటి టీ, పల్చటి టీ,
చివరిది అడుగు కనిపించేంత తేట.
ఏడోసారి తలుపు తీసి కేకేశాడు,
గేలానికి మొదటి చేప పడ్డ పిల్లాడిలా:
"వచ్చి చూడమ్మా, తేరుకుంది!"
ముప్పై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో
ఇంత గర్వంగా ఎవరూ నాకేదీ చూపించలేదు.

డాక్టర్ నగావొ చేతులు చిన్నవి.
గొట్టం మెలిక దగ్గర మొరాయిస్తే
నా అరచెయ్యి ఆయన పొట్ట మీద.
ఎక్కడ నొక్కాలో పుస్తకాల్లో ఉండదు,
పరుపు కింద పడ్డ తాళంచెవిని
పరుపు మీంచే తడిమినట్టు.
వంపు దాటింది. కొసదాకా వెళ్ళింది.

వెళ్ళడం లెక్కలోకి రాదిక్కడ.
చూపంతా తిరుగుదారిలోనే.
గడియారం నొక్కాను.
ఆరు నిమిషాలకు తగ్గితే
వచ్చినట్టే గాని చూసినట్టు కాదు.

మడత. మడత వెనక మడత.
ఒకదాని చాటున నువ్వుగింజంత.
జానెడు ఇవతల బియ్యపుగింజంత, కాస్త ఎర్రగా.
డాక్టరమ్మ వెలుగు మార్చింది.
తెర మీద లోకం సముద్రపు అడుగులా ఆకుపచ్చనైంది,
రెండు గింజల మీదా గోధుమరంగు నరాల వల తేలింది.
"ఇవి ఊరుకునే రకం కాదు."
సన్నటి తీగ ఉచ్చు. కరెంటు లేదు, కాల్చడం లేదు.
బిగించింది నేనే, రెండుసార్లూ.
నాలుగు చుక్కల నెత్తురు. దానంతటదే ఆగింది.
"నొప్పెట్టిందా?"
"ఏది?" అన్నాడు.

అప్పటిదాకా తెరనే చూస్తున్నవాడు నోరు విప్పాడు.
"గుత్తికి ఐదు పిందెలు. నడిమిది ఉంచి నాలుగూ తీసేస్తాం.
ఇప్పుడైతే బొటనవేలి గోరు చాలు.
ఆగితే కత్తెర కావాలి.
మరీ ఆగితే కొమ్మ విరిగి రంపం పట్టాలి."
కొంచెంసేపటికి,
"మా అన్న ఆగాడు."
ఎవరం ఏమీ అనలేదు. గొట్టం గాలి పీల్చుకుంటున్న చప్పుడు.

"మీరు దేన్ని ఉంచుతారు?"
జవాబు చివర్లో దొరికింది, గుమ్మం దగ్గరకొచ్చాక:
పాలిపోయి, చదునుగా, మొటిమంత కూడా లేనిది.
వెలుగు మార్చినా వల తేలలేదు.
"దీన్ని ఉంచుతాను" అంది.
"నడిమిదనా?"
"కాదు. ఏమీ చెయ్యదని."
"బాగుంది! తోటలో పండేదాన్ని ఉంచుతాం,
మీరు పండనిదాన్నా!"
పొట్ట ఊగింది. తెర మీద అంతా చెదిరింది.
"నవ్వకండి, ససమోరి గారూ" అంటూ తనూ నవ్వింది.

తర్వాత నాకు అసలు పని పడింది.
పీల్చిన నీళ్ళ జల్లెడలో బియ్యపుగింజ ఉంది,
నువ్వుగింజ లేదు.
గాజుగుడ్డ పరిచి, వడపోసి, వంగి వెతికాను.
గూడు మూత అంచుకు అంటుకుని ఉంది.
పట్టకారుతో తీసి మందుసీసాలో వేశాను.
ఇంత చిన్నదానికీ ఒక సీసా, ఒక పేరు, ఒక నంబరు.

రెండు వారాలకు కాగితం వచ్చింది:
రెండూ మెత్తని రకమే. మూడేళ్ళకు మళ్ళీ రావాలి.
వేళ్ళ మీద లెక్కపెట్టాడు.
"పోయిన వసంతంలో నాటిన పొట్టిచెట్లు
ఆ ఏడే కాపుకొస్తాయి. జూన్‌లో మాత్రం పిలవకండి."

ఆ రాత్రి వంటింటి సొరుగు తెరిచాను.
చాప్‌స్టిక్‌ల కింద, నగరపాలక సంస్థ పంపిన కవరు,
రెండు రోజులకు రెండు పుల్లలు.
ఏప్రిల్ నుంచి అక్కడే ఉంది.
యాభై దాటినవాళ్ళకు నేనే రోజూ చెప్పే మాటలు
దాని మీద అచ్చేసి ఉన్నాయి.
పేరు గడిలో మికామి సుజు అని రాశాను.
తారీఖు గడి దగ్గర చెయ్యి ఆగింది.
ఎల్లుండి సెలవు, అప్పుడైతే
తీరిగ్గా...
రేపే అని రాశాను,
పెన్సిల్‌తో.