చెవుల పెట్టె

కూహ్మో అడవి అంచున మా క్లబ్బు గదిలో
గోడవార ఒక చెక్కపెట్టె.
అందులో అందరికీ పనికొచ్చే చెవులుంటాయి:
ఎర్రవి, పసుపువి,
ఒక కప్పు ఊడితే తీగతో కట్టినవి.
పదమూడేళ్ళ సైమీ, చలికి ముక్కు ఎర్రబడి,
పెట్టె ముందు నిలబడి అడిగింది:
"తైస్తో, ఏది బాగుంటుంది నాకు?"

బాగోగులు అద్దాన్ని అడుగు, అన్నాను.
నీకు కావలసింది
గంటసేపటికి, పెట్టుకున్న సంగతే మరిచిపోయేది.
నొక్కితే తీసేస్తావు.
తీసిన ఆ ఒక్క నిమిషంలోనే
పక్కవాడు పేలుస్తాడు.

ముందు నురగబిళ్ళలు.
వేళ్ళ మధ్య ఒత్తి చేసినట్టు సన్నగా నులిమి,
ఎడంచేయి తలమీదుగా పోనిచ్చి కుడిచెవి పైకి లాగి,
లోపలికి తోసి,
వేలు తీయకుండా ఇరవై లెక్కపెట్టు,
అది పులిసిన పిండిలా పొంగేదాకా.
సైమీ ఏడు దగ్గరే ఆపేసింది.
బిళ్ళ బెంచీ కిందికి దొర్లిపోయింది.

తరువాత పెద్ద కప్పులు.
వాటిలో తల దూరిస్తే ఉరుము కూడా గుసగుసే.
కానీ తుపాకి కర్రకు చెంప ఆనించగానే
కప్పు కర్రకు తగిలి పక్కకు జరిగింది.
అక్కడొక సందు.
కళ్ళద్దాల కాడ దగ్గర ఇంకో సందు.
ఇల్లెంత గట్టిదైనా చలి వెతుక్కునేది
సరిగా మూయని ఆ ఒక్క రెక్కనే.
జడ వెనక్కి తియ్యి.
ఉన్నిటోపీ మీద కాదు, చర్మం మీద ఆననీ.

"నువ్వేం పెట్టుకునేవాడివి?"

దూది. ఒక్కోసారి సిగరెట్టు పీక.
చెప్పినవాళ్ళు లేక కాదు, పెడచెవిని పెట్టాను.
చెవులు బాగున్నన్నాళ్ళూ పెడచెవిదే పెత్తనం.
ఇప్పుడు రాత్రిళ్ళు ఎవరో కెటిల్ పొయ్యి మీద మరిచిపోయినట్టు
ఒకటే ఈల.
లేచి వెళ్ళి పొయ్యి తడిమి చూసిన రాత్రులున్నాయి.
పొయ్యి సంగతి సైమీకి చెప్పలేదు.

పెట్టె అడుగున, గుడ్డలో చుట్టి, బ్యాటరీ జత ఒకటి.
క్లబ్బు లాటరీలో నాకొచ్చింది.
సన్నటి కప్పులు, కర్రకు అడ్డం రావు.
మాటను లోపలికి రానిచ్చి
పేలుడుకు మాత్రం తలుపేసే రకం.
ఇన్నాళ్ళూ గుడ్డ విప్పలేదు.
ఎందుకో అడక్కండి.

సైమీ పెట్టుకుంది. మీట తిప్పింది.
తుపాకి అందుకోకుండా తల పైకెత్తింది.
"అది ఏం పిట్ట?"
ఏ పిట్ట?
"ఆ స్ప్రూస్ చెట్టులో.
గాజు మీద సూది గీసినట్టు.
ఇందాకటినుంచీ కూస్తూనే ఉందిగా,
ఇప్పుడు మరీ దగ్గరకొచ్చింది."

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది.
పదకొండేళ్ళ కిందటి మార్చి పేజీలో నా చేతిరాత:
హిప్పియైనెన్ ఈ ఏడు రాలేదు.
మరుసటి ఏడూ అదే మాట.
ఆ తరువాత రాయడం మానేశాను.
ఐదు గ్రాముల పిట్ట, నెత్తిన పసుపు గీత.
అడవి నరికినందుకే అని,
కాదు, పొరుగింటి పిల్లి పనే అని
కాఫీబల్ల దగ్గర ఎందరితో గొడవపడ్డానో.

సైమీ ఆ జత తీసి నా తలకు తగిలించింది.
మీట చివరిదాకా తిప్పింది.
చూరు నుంచి మంచు రాలడం వినబడింది.
ఆమె కోటు జిప్పు.
ఆర్వో మెట్ల మీద బూట్లు దులపడం.
నా ఊపిరి, నూనె లేని బందులా.

"వినబడిందా?"
ఆమె వేలు చూపిన చోట కొమ్మ కదిలింది.
పసుపు గీత.
ముక్కు తెరుచుకుంది, మూసుకుంది,
తెరుచుకుంది.

"ఆఁ," అన్నాను.

జత నువ్వే ఉంచుకో.
చలికి బ్యాటరీలు త్వరగా చస్తాయి,
లోపలి జేబులో ఇంకో రెండుండాలి.
నాలుగు గోడల మధ్య పేల్చే రోజున
దీని కింద బిళ్ళలు కూడా.
ఇరవైదాకా. ఏడుదాకా కాదు.

మొదటి మట్టి పళ్ళెం ఎగిరింది.
గురి తప్పింది. నవ్వింది.

తాళం వేసేముందు ఊడుస్తుంటే
బెంచీ కింద ఆ నురగబిళ్ళ దొరికింది,
ఎవరి చెవీ లేకుండానే
నిండా పొంగి.