చుట్టుకి ఎన్నిసార్లు

అంగర దాటాక కాలవ గట్టు మీద
చైను మిషను ఆగిపోయి ఉంది.
దాళ్వా సగం కోత, సగం నిలువు.
తూర్పున మబ్బు, ఇంకా విప్పని గొడుగులా.

డ్రైవరు చెల్లదురై, సేలం పక్క.
అతనికి వచ్చిన తెలుగు
అన్నం, డీజిలు, గట్టు, ఆపు, పో.
నాకొచ్చిన అరవం అంతకన్నా తక్కువ.
ఏంటి జబ్బు అనడిగితే
తన టిఫిను గిన్నె బోర్లించి స్పూనుతో వాయించాడు:
టక్. దడదడదడ. టక్.
పిడికిళ్ళు బిగించి, భుజాలు ఊపి,
వెన్నుపూస కింద నుంచి పైదాకా వేలితో గీసి చూపించాడు.
ఇంతకన్నా బాగా ఏ భాషలో చెప్తారు?

నా పేరు కాలేషా.
ఎడం చెవిని ఇంజన్లు ఎప్పుడో తినేశాయి,
కుడి చెవిని పండగ చొక్కాలా దాచుకుంటాను.

పొలంగలాయన: చైను వదులైపోయిందండి, బిగించెయ్యండి.
ఆయన బావమరిది: బిగువెక్కువైందండి, వదిలెయ్యండి.
గంటకి మూడువేలు కాలిపోతుంటే
ప్రతివాడి నోట్లోనూ ఒక పానా ఉంటుంది.

జాకీ ఎత్తి చైనుని గాల్లో వేలాడదీశాను.
జారుడు ఎంత ఉండాలో అంతే.
రోలర్ల సందుల్లో బురద గోకాను:
ఒక నత్తగుల్ల, నైలాను తాడు ముక్క, బోలెడు వరి దుబ్బు.
కిళ్ళీ సున్నం వేలికి రాసుకుని
రబ్బరు మీద ఒక బొట్టు పెట్టాను.

నా చదువంతా ఆ బొట్టే.
చుట్టుకి ఒక్కసారి మోగితే జబ్బు చైనుది.
ఐదారుసార్లు మోగితే పళ్ళచక్రానిది.
చుట్టుతో పొత్తు లేకుండా మూలుగుతుంటే బేరింగుది.
మనుషులకీ అంతే అనబోయి ఆగాను.
మనిషికి సున్నం బొట్టు ఎక్కడ పెడతాం?

చెల్లదురై లివరు తోశాడు.
బొట్టు వెళ్ళింది. బొట్టు వచ్చింది.
చప్పుడు లేదు.
బరువు మొయ్యనప్పుడు ఏదీ బయటపడదు.
బురదలోనూ పడదు.
మా నేల గుణం అది, అన్నీ కడుపులో దాచుకుంటుంది.
గట్టిది కావాలి.

సిమెంటు రోడ్డు ఎక్కించాం.
వడ్లు ఆరబోసుకున్న మంగాయమ్మ
మా ఏడు తరాల్నీ తలుచుకుంటూ చీపురుతో దారిచ్చింది.
జబ్బేమో కుడి చైనుకి,
నాకు మిగిలిందేమో కుడి చెవి.
మిషను పక్కనే వెనక్కి నడవాల్సొచ్చింది.
తిట్టడం మానేసి పడీపడీ నవ్వింది మంగాయమ్మ.

బొట్టు. టక్.
బొట్టు. టక్.
చుట్టుకి ఒక్కటే.

ఆపించి, బొట్టుకి జానెడు ఇవతల నొక్కాను.
పైన రబ్బరు నున్నగా, ఏమీ ఎరగనట్టు.
లోపల ఇనప పన్ను విరిగి, వేలి కింద అటూ ఇటూ కదిలింది.
మరి ఆ దడదడ?
ఒక్కో రోలరు మీదా ఉమ్మి తడి వేలు పెట్టుకుంటూ పోయాను.
రెండోది చుర్రుమంది.
రెండు జబ్బులు, ఒకే గొంతుతో.

రోలరు నా సంచిలో ఉంది. మార్చాను.
చైను రావులపాలెం నుంచి రావాలి, రేపు మధ్యాహ్నానికి.
మబ్బు అప్పటిదాకా ఆగదు.
స్పూను తీసుకుని గిన్నె మీద కొట్టాను:
టక్.
చాలాసేపు ఆగి,
టక్.
ఇంతకన్నా వేగం వద్దు.
గాల్లో చేత్తో పెద్ద గుండ్రం తిప్పాను:
మలుపులు వెడల్పుగా తీసుకో.
చెల్లదురై తలూపాడు.

మిషను చేలోకి దిగింది. లైట్లు వెలిగాయి.
మెత్తటి చప్పుడు తప్ప ఇంకేం లేదు.
తగ్గిపోయిందండీ! అన్నాడు పొలంగలాయన.
తగ్గలేదండి, వినపడ్డం లేదంతే, అన్నాను.
రోలరు డబ్బులు మాత్రం తీసుకున్నాను.

అవతలి గట్టు దగ్గర వెడల్పుగా తిరుగుతూ
చెల్లదురై నా వైపు చెయ్యెత్తి
ఒక వేలు చూపించాడు.