అంచు లేని ఆకు

"చావని మొక్క ఒకటి కావాలి" అన్నాడు తోర్లైఫ్,
బూట్ల మంచు లోపలికి రాకూడదని
గుమ్మంలోనే నిలబడి.

హామర్‌ఫెస్ట్ రేవులో
తాళ్ల దుకాణానికీ కాఫీ కొట్టుకీ నడుమ
ఇరుక్కున్న పచ్చటి అంగడి నాది.
నవంబరు ఆఖరు. సూర్యుడు మునిగి వారమైంది.
ఇంకో ఏడెనిమిది వారాలు లేవడు.

చావనిదంటూ ఉండదు నాయనా,
ఆలస్యంగా చచ్చేవి ఉంటాయి, అన్నాను.
ఇంతకుముందు ఏం పెంచావు?
కాక్టస్.
ఎలా పోయింది?
రోజూ నీళ్లు పోశాను.

ఐదు వారాలు ట్రాలర్ మీద, ఐదు వారాలు ఒడ్డున.
ఒడ్డునున్నన్నాళ్లూ
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి.

మనీప్లాంట్ ఇద్దామనుకుని, ఆగి,
స్నేక్ ప్లాంట్ తీశాను.
కత్తుల్లాంటి ఆకులు, అటూ ఇటూ పసుపు జరీ అంచు.
మా వైపు దీన్ని అత్తగారి నాలుకంటారు, అన్నాను.
నాకు పెళ్లే కాలేదు, అన్నాడు.
అయితే నీకు భయం లేదు.

మట్టిలో వేలు పెట్టు, రెండో కణుపు దాకా.
తడి తగిలితే తుడుచుకుని లేచిపో.
పొడిగా ఉంటే ఇంకో వారం ఆలోచించు.
హీటరు పక్కన వద్దు. కిటికీ అద్దానికి ఆనించొద్దు.
మిగతాదంతా మర్చిపోవడమే.
మర్చిపోవడం నాకు వచ్చు, అన్నాడు,
మొదటిసారి నవ్వి.

జనవరి నెలాఖరున, కొండ మీద సూర్యుడు
గోరంత కనిపించిన మర్నాడు,
కోటు కింద కుండీ దాచుకుని వచ్చాడు.

ఎండి చచ్చిన మొక్కలు నా దగ్గరికి రావు,
అవి నేరుగా చెత్తలోకి పోతాయి.
నాని చచ్చినవే వస్తాయి, చంటిబిడ్డల్లా, చంకనెక్కి.
ఆకులు మొదట్లో మెత్తబడి వాలిపోయాయి.
వేళ్లు పులిసిన వాసన.
ఎవరు? అన్నాను.
అతను కిటికీలోంచి చూపించాడు.

బయట ఒడ్‌వార్,
ఒకప్పుడు ఊరంతా ఉత్తరాలు పంచినవాడు,
తాళ్ల దుకాణం ముందు నిలబడి
అక్కర్లేని తాడు ధర చదువుతున్నాడు.
పైపులు గడ్డకట్టకుండా చూడమని
అతనికి తాళంచెవి ఇచ్చి వెళ్లాడట.
మట్టి ఎండి ఉంది, పాపమనిపించింది,
రోజుకో కప్పు,
తన కాఫీ కప్పుతోనే.

లోపలికి పిలిచాను. టోపీ తీసి నిలుచున్నాడు,
తప్పుడు చిరునామాకి ఉత్తరం వేసినట్టు.

ఒక్క ఆకు మాత్రం పైసగం గట్టిగా ఉంది.
తోర్లైఫ్ చేపలు కోసే కత్తి తీశాడు.
నాలుగు ముక్కలు.
ప్రతి ముక్క మీదా పెన్సిలుతో పైకి బాణం గీశాను.
తలకిందులైతే వేరు పట్టదు.
వలకీ అంతే, అన్నాడు,
తేలేది పైన, మునిగేది కింద.
కోసిన చోట పొక్కు కట్టేదాకా
నాలుగు రోజులు కాగితం మీద ఆరనివ్వమన్నాను.
ఇద్దరూ తలలూపారు.

ఒక సంగతి చెప్పలేదు.
ఆ రోజుకి అది ఎక్కువనిపించింది.

జులై. రాత్రి పదకొండున్నర, పట్టపగల్లా ఎండ,
నిద్ర పట్టక అంగడి తెరిచి కూర్చున్నాను.
ఒడ్‌వార్ వచ్చాడు,
ఒక చేతిలో కుండీ, ఒక చేతిలో కప్పు.
తోర్లైఫ్ సముద్రం మీద ఉన్నాడు.
ఎండిన ముక్క పక్కన
చిటికెన వేలంత మొలక.
దానికేసి చూపించి అడిగాడు:
"అంచేదీ? ఈసారేం చేశాను నేను?"

ఏమీ చేయలేదు.
ఆకు ముక్కలోంచి పుట్టినదానికి అంచు రాదు,
వేరు చీల్చి నాటితేనే వస్తుంది.
ఇది పచ్చగానే ఉంటుంది, ఎప్పటికీ.
"ఎప్పటికీనా?"
ఎప్పటికీ.

చాలాసేపు చూశాడు.
తర్వాత, ఎవరూ చెప్పకుండానే,
వేలు మట్టిలో దించాడు, రెండో కణుపు దాకా,
తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

కప్పులో అడుగున ఒక గుక్క మిగిలింది.
చెయ్యి కుండీ మీదుగా వెళ్తూ
కాస్త ఆగింది.
నా వంక చూసి,
తనే తాగేశాడు.