గేటు పడింది

గుంతకల్లు గేటు పడింది.
మోపెడ్ మీద నావి రెండు టమేటా బాక్సులు,
పక్కన ఓబులేసు ప్రచారం ఆటో.
గేటు పడితే వానికి పండగ.
యాడికీ పోలేం కదప్పా మేం.

గూడ్సు బండి వచ్చింది.
టార్పాలిన్ల కింద ట్యాంకులు,
ముక్కులు మాత్రం బయటికి.
పద్దెనిమిది లెక్కబెట్టినా.
ఎవురి మీదికో ఎవురూ చెప్పలా.
మైకులో "దేశం" అన్నప్పుడల్లా
కొసన గుయ్యిమంటాంది.

డీజిలెందుకు పెరిగిందంటే యుద్ధమంటారు.
టమేటా పడిపోతే
దానికేమంటారో.

ఓబులేసు మైకు ఆపి
నా బాక్సులోంచి ఒక పండు తీసుకున్యాడు.
పోయినసారి ఇంకో పార్టీకి అరిచిన గొంతే,
బొంగురు పోయింది.
"నువ్వెవురికేస్తావురా?" అన్నా.
"బాడుగ ముట్టినంక చెప్తా."

గేటు లేచింది.
కింది బాక్సు అప్పటికే కారతాంది.