మంచు లోయ, రెండో అంతస్తు

బీచ్ రోడ్డులో, మందుల షాపు పైన
మా హోటలు ఒక పర్వత లోయ.
మే నెల. మెట్ల దాకా సముద్రపు ఉక్క వెంట వస్తుంది.
తలుపు తీస్తే పదహారు డిగ్రీల శీతాకాలం.

గోడ నిండా తెల్లటి కొండలు.
విజయనగరం పెయింటరు వేశాడు,
ఒక శిఖరం అచ్చం డాల్ఫిన్ నోస్ లాగే వచ్చింది.
తెలిసిన కొండే చేతికొస్తుంది కదా.
దాని పక్కన మేకులు కొట్టిన రెండు స్కీ బద్దలు,
ఏ మంచునీ ఎన్నడూ ముట్టుకోనివి.
నా తల మీద ఉన్ని టోపీ,
టోపీ కింద దారి వెతుక్కుంటూ చెమట.

"ఇది ఫాండ్యూ సార్, కరిగిన చీజ్.
పొడుగు ఫోర్కుకి రొట్టె గుచ్చి ముంచుకోవాలి.
ముక్క గిన్నెలో జారితే మీరు పాట పాడాలి,
అక్కడి ఆనవాయితీ."
అక్కడంటే ఎక్కడో నాకూ తెలీదు,
తెలిసినట్టు చెప్పడానికే జీతం.
వచ్చినవాళ్ళు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి,
"బాబూ, పచ్చిమిరపకాయ ఏమన్నా ఉంటుందా?"
ఉంటుంది.
మా లోయలో అన్నిటికన్నా ముందు అయిపోయేది అదే.

వంటవాడు కిల్లో బలరాం
నిజం లోయ నుంచే వచ్చాడు, డుంబ్రిగుడ అవతల నుంచి.
పుష్యమాసం తెల్లారుజామున గడ్డి మీది మంచుని
వట్టి కాళ్ళతో తొక్కుతూ ఆవుల్ని తోలుకెళ్ళేవాడట.
"దానికి బిల్లు వేస్తారని అప్పుడు తెలీదు" అంటాడు,
చీజ్ కలుపుతూ, నవ్వకుండా.

ఆ శనివారం మంచు కురిపించే యంత్రం ఆగిపోయింది.
ఎనిమిదింటికి పుట్టినరోజు, ముప్ఫైమంది పిల్లలు.
మేనేజరు ముందు మెకానిక్కుకి, తర్వాత సింహాద్రప్పన్నకి,
చివరికి ఫిషింగ్ హార్బరుకి మొరపెట్టుకున్నాడు.

సూరాడ దానయ్య వచ్చాడు.
ఆటోలో నాలుగు ఐసు దిమ్మలు,
గోనె చుట్టి, రంపపు పొట్టు కప్పి.
మెట్ల కింద మర పెట్టి గరగరా నూరితే
బుట్టలతో పైకి మోశాం శీతాకాలాన్ని.
పిల్లలు కేకలు. ముద్దలు. జుట్టు నిండా తెలుపు.
ఒకావిడ ముక్కు ముడిచింది, "ఏదో వాసన."
"వంజరం వాసనమ్మా," అన్నాడు దానయ్య దాచుకోకుండా,
"బుట్టది. ఐసుది కాదు."
నేను అడ్డం పడి, "పర్వతాల గాలి మేడమ్" అన్నాను.
ఆవిడ ఇంకో సూప్ చెప్పింది.

ఒక చిన్నది అతని లుంగీ పట్టుకుని లాగింది:
"తాతా, నువ్వు మంచుకొండ నుంచి వచ్చావా?"
"అవును గుంటా. మా కొండ బోటు అడుగున ఉంటాది.
సాయంత్రం ఎక్కిస్తాం,
తెల్లారేసరికి చేపలొచ్చి పడుకుంటాయి."

పదకొండున్నరకి దీపాలు సగం ఆర్పాక
బలరాం మిగిలిన గిన్నె కింద మంట వెలిగించి
దానయ్యని మంచి టేబుల్ దగ్గరే కూర్చోబెట్టాడు.
చాలాసేపు నమిలి అన్నాడాయన:
"పాలు ఇరిగిపోయినా పారెయ్యలేదు. పొదుపరులే."
రెండో ముక్క జారి గిన్నెలో మునిగింది.
ఇరవై రెండేళ్ళ ఐసు
మూడు వేళ్ళ కొసల్ని ఎప్పుడో పట్టుకుపోయిందట,
ఫోర్కు ఉందో ఊడిందో వాటికి తెలీదు.

"ఆనవాయితీ" అన్నాను, అనేశాక నాలిక కరుచుకున్నాను.
ఆయన కోప్పడలేదు.
నోరు తుడుచుకుని, వల లాగేటప్పటి కేక ఒకటి
సగం గొంతుతో వదిలాడు.
ఏసీ చప్పుడు దాని ముందు చిన్నదైపోయింది.
బలరాం లోపలికెళ్ళి
అన్నం తెచ్చాడు, ఎండురొయ్యల వేపుడు తెచ్చాడు.
నేను టోపీ తీసి కుర్చీకి తగిలించాను.

మూలన మంచు నీళ్ళై మెట్లు దిగుతోంది.
కింద మందుల షాపతను
అట్టపెట్టెలు పైకెత్తుకుంటూ ఎవరినో తిడుతున్నాడు.