నలభై ఏడో గడి

తెల్లారగట్ల మూడున్నరకు
కాశిబుగ్గ మేడ మీది గదిలో
మూల పగిలిన టెస్టింగ్ ఫోన్
ఒక్కసారి నల్లబడి మళ్లీ వెలిగింది.
బ్రౌజర్ చచ్చి బతికింది.

రాత్రంతా దాని నోట్లో
అడ్డదిడ్డం పేజీలు కుక్కుతూనే ఉన్నాను:
మూయని ట్యాగులు, సగం బొమ్మలు, తలకిందుల లెక్కలు.
అన్నీ మింగింది.
ఒక్క వీడియో కిటికీ మూసే వేళ మాత్రం
పొలమారింది.

లాగ్ తిరగేస్తే తేలిందిది:
పనైపోయిందని ఖాళీ చేసిన జాగా పేరు
లోపల ఎవరో ఇంకా నాలుక మీద పెట్టుకొని తిరుగుతున్నారు.
పిలుస్తున్నారు.
ఆ జాగాలోకి కొత్తగా వచ్చినవాళ్లు
మేమేనంటూ పలుకుతున్నారు.

హైదరాబాద్‌లోని మేనేజరుకు గంటసేపు చెప్పాను.
"వట్టి క్రాషే కదా, రజితా" అన్నాడు.
చాయ్ తాగుతూ బాపుకు చెప్పాను.
బాపు కప్పు కింద పెట్టాడు.
"గిది మా నలభై ఏడు ముచ్చటనే గద బిడ్డా."

ముప్పై ఏళ్లు ఎనుమాముల యార్డులో దడవాయి, మా బాపు ఓదెలు.
మిర్చి సీజన్ వస్తే
షెడ్డు నేలంతా చాక్‌పీసు గడులు,
గడికో నంబరు, నంబరుకో చీటీ.
ఆ ఏడు నలభై ఏడులో
బానోతు లచ్చిరాం తెచ్చిన తేజ, ఇరవై రెండు బస్తాలు.
చేత్తో పిడికెడు తీస్తే గలగలలాడే కాయ.
అడ్తిదారు ధర రాశాడు,
బాపు కాంటా వేశాడు,
హమాలీలు లారీకెత్తారు.
గడి ఖాళీ.
చీటీ మాత్రం గుమాస్తా జేబులోనే ఉండిపోయింది.

అది ఎవడో కనిపెట్టాడు.
ఎవడన్నది ఇప్పటికీ తెలవదు.
పగటిపూట యార్డు కునుకు తీసే వేళ
అదే గడిలో, సరిగ్గా ఇరవై రెండు,
పైన రెండు దోసిళ్ల తేజ,
కిందంతా నీళ్లు చల్లి బరువెక్కించిన తాలు.
పొద్దుగూకే వేళ గుమాస్తా చీటీ తీశాడు,
నలభై ఏడని చదివాడు,
బస్తాలు లెక్కపెట్టాడు,
తక్‌పట్టీ రాసేశాడు.

"చీటీని నమ్మిండు బిడ్డా.
బస్తల చెయ్యి వెట్టలే."

తప్పు దడవాయి మీదికి వచ్చింది.
పదిహేను రోజులు కాంటా ముట్టనివ్వలేదు.
అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.
బాపు అంగీ విడిస్తే ఇల్లంతా తుమ్మేది.
ఆ పదిహేను రోజులు మా ఇంట్లో
ఎవరూ తుమ్మలేదు.

"మరి తర్వాత ఏం చేసినవ్ బాపూ?"
"ఏమున్నది, బస్త లేవంగనే చీటి చింపుడు.
కాలుతోని నంబరు తుడుసుడు.
అటెన్కనే ఇంకో కాంటా."

నేను చేసిందీ అంతే.
పదకొండు పేజీల రిపోర్టు, మూడు బొమ్మలు,
ఆ జాగాలో ఎవడైనా కావాలని తన సరుకు దింపితే
బ్యాంకు పాస్‌వర్డు దాకా ఎలా నడిచిపోతాడో
అడుగడుగూ రాసి పంపాను.
చివరికి దిద్దుబాటు ఒక్కటే వరుస:
జాగా విడిచిన చోటే పేరును సున్నా చెయ్యడం.
ఇంగ్లిషులో ఉంది గానీ
అది మా బాపు అరికాలు.

ఇరవై మూడు రోజులకు అప్డేట్ వచ్చింది.
నయీంనగర్ హాస్టళ్లలో, కాజీపేట జంక్షన్‌లో,
ఛార్జింగ్‌కు పెట్టిన ఫోన్లన్నీ
నిద్రలోనే తాగేశాయి.
బాపు ఫోన్ అడిగి తీసుకొని నొక్కాను.
ఈ పరికరానికి ఈ వెర్షన్ అందదు, అంది.
మళ్లీ నొక్కాను.
పోచమ్మమైదాన్‌లో సెకండ్‌హ్యాండ్‌కు కొన్నది,
నా మొదటి జీతంతో,
నేనే.

"బ్యాంకు దీంట్లో తెరవకు బాపూ."
తలూపాడు.

మాపటికి చూస్తే ఫోను వెనక తెల్ల ప్లాస్టర్ ముక్క,
దాని మీద బాల్‌పెన్నుతో దిద్ది దిద్ది రాసిన
నలభై ఏడు.
తిప్పి చూస్తే
తేజ ధర పేజీ సగం తెరుచుకొని
గుండ్రంగా
తిరుగుతూ ఉంది.